సగటు లెక్కలు: ‘కిలోకు’లో ‘కు’ ఎందుకు చూడాలి

మా నాన్న చదివింది ఐదో తరగతి. టంగుటూరు దగ్గర మా ఊళ్లో పొగాకు వేస్తాడు. రెండు మూడేళ్ల కిందట ఒక సాయంత్రం వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు, అంటే కట్టలు, అమ్మి ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "ఒక బేలు రెండొందల ఎనభైకి పోయింది. ఇంకోటి రంగు లేదని నూటెనభైకే కొట్టాడు" అన్నాడు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మా తమ్ముడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "అయితే సగటున కిలో రెండొందల ముప్పై పడింది నాన్నా" అన్నాడు. నాన్న వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏది ఎన్ని కిలోలు తూగిందో అడక్కుండానే ఎట్లా చెప్పావురా?" అన్నాడు.

తమ్ముడు బీటెక్ చదివినవాడు. సగటు అంటే కలిపి భాగించడమని వాడికి తెలుసు. కాకపోతే కలపాల్సింది ధరల్ని కాదు, డబ్బుని. లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు పెట్టుకుందాం. పెద్ద బేలు 140 కిలోలు, చిన్నది 60 కిలోలు. 140ని 280తో గుణిస్తే 39,200. 60ని 180తో గుణిస్తే 10,800. రెండూ కలిపి 50,000 రూపాయలు, 200 కిలోలకు. అంటే కిలోకు 250. తమ్ముడు చెప్పిన 230కీ దీనికీ కిలో మీద 20 రూపాయల తేడా, మొత్తం మీద 4,000. వడ్డీకి తెచ్చి పంట వేసినవాడికి ఈ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

నేను ఒంగోలులో సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. గ్రూప్స్, కానిస్టేబుల్, రైల్వే, ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలు, అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు శాట్, జీఆర్‌ఈ, వీటిలో దేన్ని తీసుకున్నా సగటు లెక్క ఏదో ఒక వేషంలో వచ్చి కూర్చుంటుంది. పిల్లలు దీన్ని తేలిక చాప్టర్ అనుకుంటారు. మాక్ టెస్టులో మాత్రం ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. సూత్రం తెలియక కాదు, ఒక లైను సూత్రమే కదా. సగటును చూడగానే దాన్నే పట్టుకుని వేలాడతారు. దాని వెనకున్న మొత్తాన్ని అడగరు.

మాటతోనే ఒక చిన్న చిక్కుంది. రైల్వే పరీక్ష తెలుగులో రాసుకోవచ్చు. తెలుగు ప్రశ్నపత్రాల్లో ఒకచోట సగటు అని, ఇంకోచోట సరాసరి అని ఉంటుంది. ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన ఒకమ్మాయి, "సరాసరి అంటే డైరెక్టుగా అని కదా సార్?" అని అడిగింది. అదీ నిజమే. మన భాషలో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం ఆ బిట్‌ను సరాసరి వదిలేసి వచ్చింది.

సగటును నేను బంతి భోజనంతో మొదలుపెడతాను. బంతిలో కూర్చున్నవాళ్లు ఎవరింటి నుంచి ఎన్ని లడ్లు తెచ్చినా, అన్నీ ఒక తట్టలో పోసి అందరి ఆకుల్లో సమానంగా వడ్డిస్తే ఒక్కో ఆకులో పడేదే సగటు. ఇది మనసులో ఉంటే చాలా లెక్కలకు కాగితం అక్కర్లేదు.

ప్రతి పుస్తకంలోనూ ఉండే లెక్క చూడండి. తరగతిలో 24 మంది పిల్లలు, వాళ్ల సగటు వయసు 14. టీచర్ వయసు కూడా కలిపితే సగటు ఒక ఏడాది పెరిగింది. టీచర్ వయసెంత? పుస్తకం పద్ధతిలో 25ను 15తో, 24ను 14తో గుణించి, 375లోంచి 336 తీసేస్తే 39. బంతి పద్ధతిలో ఇలా చూడండి. 24 ఆకుల్లో తలా 14 లడ్లున్నాయి. సార్ తన లడ్లతో వచ్చి చివర కూర్చున్నారు. ఇప్పుడు అందరి ఆకుల్లోనూ 15 ఉన్నాయి. ఆయన తలా ఒకటి చొప్పున 24 పంచి, తన ఆకులో 15 ఉంచుకున్నారు. తెచ్చినవి 39.

ఈ లెక్కకు ఇచ్చే ఆప్షన్లను ఓసారి దగ్గరగా చూడాలి. 38, 39, 40, 41 అని ఉన్నాయనుకోండి. 38 ఎక్కడిది? 14కి 24 కలిపినవాడిది. సార్ ఆకులో కూడా 15 ఉండాలన్నది మరిచిపోయి, పాత 14తోనే సరిపెట్టాడు. 40 ఎక్కడిది? 15కి 25 కలిపినవాడిది. సార్ తనకు తానే ఒక లడ్డు దానం చేసుకున్నాడన్నమాట. ప్రశ్న తయారుచేసినవాడు మనం ఏ గుంటలో పడతామో ముందే చూసుకుని, అడుగున జవాబులు పరిచి పెడతాడు. అందుకే, నాకొచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంది కాబట్టి ఇదే కరెక్టు అనుకోవడం ఈ చాప్టర్లో పనికిరాని ధైర్యం. తప్పు జవాబు కూడా తప్పకుండా అక్కడ ఉంటుంది.

ఒకరు పోయి ఇంకొకరు వచ్చే లెక్కలు ఇంకా సులువు. పిల్లలు మాత్రం వాటికే బెదురుతారు. పన్నెండు మంది ఉన్న కబడ్డీ జట్టులోంచి 58 కిలోల కుర్రాడు తప్పుకుని కొత్తవాడు చేరాడు, జట్టు సగటు బరువు కిలోన్నర పెరిగింది, కొత్తవాడి బరువెంత? "అసలు సగటే ఇవ్వలేదు సార్, ఎలా చేస్తాం?" అంటారు. ఇవ్వక్కర్లేదు. బంతిలో ఆకులు పన్నెండే ఉన్నాయి, పెరగలేదు, తరగలేదు. ప్రతి ఆకులో ఒకటిన్నర పెరిగిందంటే మొత్తం 18 పెరిగింది. పోయినవాడు తీసుకెళ్లింది 58, వచ్చినవాడు దానికి 18 ఎక్కువ తెచ్చాడు. 76. సగటు 60 అయినా, 90 అయినా జవాబు మారదు.

మార్కు తప్పుగా వేసుకున్న లెక్కలూ ఇంతే. 50 మంది సగటు 62 అని తేల్చాక, ఒకరి 83ను 38 అని పొరపాటున ఎక్కించినట్టు తెలిసింది. మొత్తంలో 45 తగ్గింది. ఆ 45ను యాభై మందికి పంచితే తలా 0.9. అసలు సగటు 62.9. అన్నట్టు, రెండంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిది ఎక్కంలోనే ఉంటుంది. పాతకాలపు గుమాస్తాలు చిట్టాలో తేడా వస్తే దాన్ని తొమ్మిదితో భాగించి చూసేది ఇందుకే.

వయసు లెక్కల్లో ఒక్క మెలిక ఉంది. కాలం అందరికీ ఒకేలా గడుస్తుంది. నాలుగేళ్ల కిందట ఒక ఇంట్లో ఆరుగురి సగటు వయసు 26. తర్వాత బిడ్డ పుట్టింది. ఇప్పుడు ఏడుగురి సగటు కూడా 26. బిడ్డ వయసెంత? ఆ ఆరుగురి సగటు ఇప్పుడు 30, మొత్తం 180. ఏడుగురికి కావాల్సింది 182. బిడ్డకు రెండేళ్లు. సగటు మారలేదు కదా, బిడ్డ వయసు కూడా 26 అని ఒకబ్బాయి రాశాడు. తరగతంతా నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది కాగితం మీద కూడా సరైన జవాబు లేదు.

వరస సంఖ్యల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. సమాన దూరంలో ఉన్న సంఖ్యల సగటు వాటి నడుమ ఉంటుంది. ఐదు వరస సరిసంఖ్యల సగటు 38 అంటే నడిమిది 38, చివరిది 42. ఇక్కడ ఎక్స్ పెట్టుకుని సమీకరణం రాస్తే పక్కవాడు మూడు బిట్లు దాటేస్తాడు.

పొద్దున పాలు పోసినవాళ్ల లెక్క ఒకటి తరచూ వస్తుంది. ఒక రైతు వారం రోజుల్లో సగటున రోజుకు 40 లీటర్ల పాలు పోశాడు. మొదటి నాలుగు రోజుల సగటు 38, చివరి నాలుగు రోజుల సగటు 43. నాలుగో రోజు ఎన్ని లీటర్లు? నాలుగూ నాలుగూ ఎనిమిది, వారానికేమో ఏడే రోజులు. అంటే నాలుగో రోజు రెండు లెక్కల్లోనూ పడింది. 152కు 172 కలిపితే 324. అసలు పోసినవి 280. రెండోసారి లెక్కలోకి వచ్చినవి 44 లీటర్లు, నాలుగో రోజువి. ఇలాంటి లెక్కల్లో ముందు రోజులు లెక్కపెట్టండి, లీటర్లు తర్వాత.

క్రికెట్ లేకుండా మన దగ్గర సగటు చాప్టర్ పూర్తవదు. పదకొండు ఇన్నింగ్స్ ఆడినవాడు పన్నెండో ఇన్నింగ్స్‌లో 74 కొడితే సగటు 2 పెరిగింది, ఇప్పుడు సగటెంత? వెనకటి పదకొండు ఆకుల్లో తలా రెండు వేశాడు, 22 ఖర్చయింది. తన ఆకులో మిగిలింది 52. అదే కొత్త సగటు, అంతకుముందుది 50. పరీక్షల్లో ఇంతవరకే అడుగుతారు. నిజం క్రికెట్లో మాత్రం పరుగుల్ని ఇన్నింగ్స్‌తో కాదు, ఔటైన సార్లతో భాగిస్తారు. ప్రశ్నలో నాటౌట్ అనే మాట కనబడితే ఆగి చూసుకోవాలి.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్. 1948లో ఓవల్ మైదానంలో చివరి టెస్టు ఆడటానికి వచ్చేసరికి ఆయన 69 సార్లు ఔటై 6,996 పరుగులు చేసి ఉన్నాడు. సగటు 101 దాటింది. డెబ్బయ్యోసారి ఔటైనా సగటు సరిగ్గా 100 ఉండాలంటే మొత్తం 7,000 కావాలి. అంటే నాలుగు పరుగులు, ఒక్క ఫోర్. ఇంగ్లండ్ బౌలర్ హోలీస్ వేసిన రెండో బంతికే సున్నాకు బౌల్డయ్యాడు. 6,996ను 70తో భాగిస్తే 99.94. పరీక్షల్లో వచ్చే 'సగటు ఇంత రావాలంటే చివరి పేపర్లో ఎన్ని మార్కులు రావాలి' అన్న ప్రశ్న అచ్చం ఇదే. కావాల్సిన మొత్తం ఎంత, చేతిలో ఉన్నదెంత, తేడా ఎంత. ఇందులో 101ని, 100ని పక్కపక్కన పెట్టి తీసేస్తే ఏమీ రాదు.

ఇక మా నాన్న బేళ్ల దగ్గరికి వద్దాం. బంతి భోజనం ఇక్కడికి సరిపోదు, కావడి కావాలి.

కావడి మోసేవాళ్లను చూసే ఉంటారు. రెండు పక్కలా ఒకే బరువుంటే భుజం కావడి బద్దకు సరిగ్గా నడుమ ఉంటుంది. ఒక పక్క బరువెక్కువైతే మోసేవాడు భుజాన్ని ఆ బరువు వైపుకు జరుపుకుంటాడు. బరువున్న తట్టు బద్ద పొట్టిగా, తేలిక తట్టు పొడుగ్గా ఉంటుంది. రెండు గుంపుల ఉమ్మడి సగటు ఆ భుజం లాంటిది. 180 ఒక చివర, 280 ఇంకో చివర, భుజం 250 దగ్గర. 280 వైపు బద్ద 30, 180 వైపు 70. బరువులు దీనికి తలకిందులు. 280 రూపాయల సరుకు 7 వంతులు, 180 రూపాయలది 3 వంతులు. 140 కిలోలు, 60 కిలోలు. సరిపోయింది కదా.

పుస్తకాల్లో దీన్నే ఎలిగేషన్ అని, ఇంటూ గుర్తు గీసి నేర్పిస్తారు. ఆ గుర్తు నాకు పెద్దగా నచ్చదు. ఏ మూల అంకె ఏ పక్కకు వెళ్తుందో మరిచిపోతే ఇక దిక్కుండదు. కావడి మరిచిపోవడం కష్టం. పరీక్షలో అబ్బాయిల సగటు 58, అమ్మాయిల సగటు 63, అందరి సగటు 60 అయితే అబ్బాయిలూ అమ్మాయిలూ ఏ నిష్పత్తిలో ఉన్నారు? భుజం 58కి 2 దూరంలో, 63కి 3 దూరంలో ఉంది. అబ్బాయిల వైపు బద్ద పొట్టి, కాబట్టి అక్కడే జనం ఎక్కువ. 3:2. ఆప్షన్లలో 2:3 కూడా ఉంటుంది, తొందరపడేవాళ్ల కోసం. లెక్క మొత్తం చేయకుండానే అబ్బాయిలు ఎక్కువని తెలిసిపోయింది కాబట్టి 2:3నీ, 1:1నీ ముందే కొట్టేయొచ్చు. ఉమ్మడి సగటు 58కి లోపల గానీ, 63కి పైన గానీ ఉండే వీల్లేదు. కావడి బద్ద దాటి భుజం ఎక్కడికి పోతుంది? మూడు గుంపులు ఇచ్చినప్పుడు మాత్రం కావడితో కుస్తీ పట్టొద్దు. గుణించి, కలిపి, భాగించడమే మేలు.

నన్ను స్వయంగా పడగొట్టిన లెక్క వేగానిది. ఒంగోలు నుంచి నెల్లూరు హైవే మీద దాదాపు 120 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు గంటకు 60 చొప్పున, వచ్చేటప్పుడు వాన పడి గంటకు 40 చొప్పున వచ్చాం. రానూపోనూ సగటు వేగమెంత? 50 అనాలనిపిస్తుంది. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు. సగటు 48. నెమ్మదిగా వచ్చిన దారిలో ఎక్కువసేపు ఉన్నాం కాబట్టి సగటు అటు లాగింది. ఇందులో మళ్లీ కావడే ఉంది, బరువు స్థానంలో గంటలున్నాయంతే.

దీనికి కోచింగుల్లో ఒక షార్ట్‌కట్ చెబుతారు. రెండు వేగాల్ని గుణించి, దానికి రెట్టింపు చేసి, ఆ రెండు వేగాల మొత్తంతో భాగించమంటారు. 60ని 40తో గుణించి, రెట్టింపు చేసి, 100తో భాగిస్తే 48. సూత్రం మంచిదే. నేను ఉద్యోగం కోసం పరీక్షలు రాసే రోజుల్లో దీన్ని నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ఒక పరీక్షలో వచ్చింది: ఒక కారు మొదటి మూడు గంటలు గంటకు 60 చొప్పున, తర్వాత మూడు గంటలు గంటకు 40 చొప్పున వెళ్లింది, సగటు వేగమెంత? 60, 40 కనబడగానే 48 గుర్తుకొచ్చింది, ఆప్షన్లలోనూ ఉంది, బబుల్ నింపేసి ముందుకెళ్లాను. బయటికొచ్చి టీ తాగుతుండగా వెలిగింది. సమాన దూరాలు కాదు, సమాన గంటలు ఇచ్చాడు. 180 కిలోమీటర్లకు 120 కలిపితే 300, ఆరు గంటలకు. మామూలు 50. ఏ 50ని అయితే తప్పని ఏడాదిగా నూరిపోసుకున్నానో అదే జవాబు. ఆ ఒక్క బిట్ వల్లే ఉద్యోగం పోయిందని చెప్పను, పోవడానికి వేరే బిట్లు కూడా చాలానే సాయం చేశాయి. కానీ ఏ సగటు ఎప్పుడు పనికొస్తుందో నాకు అప్పటికి తెలియదని తెలిసొచ్చింది.

తెలిసింది ఇందుకూరుపేట వైపు, మా బావ రొయ్యల గుంటల దగ్గర.

రొయ్యల్ని కౌంట్‌తో అమ్ముతారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే కిలోకు 30, పెద్ద రొయ్య. 60 కౌంట్ అంటే కిలోకు 60, చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. పట్టుబడి రోజున, అంటే గుంటలోంచి రొయ్యలు పట్టే రోజున, బావను అడిగాను, 30 కౌంట్ సరుకూ, 60 కౌంట్ సరుకూ కలిపేస్తే ఏ కౌంట్ అవుతుందని. "ఏవెంత కలుపుతావో చెప్పు అబ్బయ్యా" అన్నాడు. మా నాన్న మాటే మళ్లీ.

చెరి ఒక కిలో కలిపితే రెండు కిలోల్లో 90 రొయ్యలు, అంటే 45 కౌంట్. మామూలు సగటు సరిపోయింది. చెరి అరవై రొయ్యలు కలిపితే? పెద్దవి 60 అంటే రెండు కిలోలు, చిన్నవి 60 అంటే ఒక కిలో. మూడు కిలోల్లో 120 రొయ్యలు, 40 కౌంట్. అవే రొయ్యలు, అవే కౌంట్లు, సగటు మాత్రం ఒకసారి 45, ఒకసారి 40. కోచింగ్ షార్ట్‌కట్‌లో 30, 60 వేసి చూడండి, 40 వస్తుంది. అంటే ఆ సూత్రం రెండో సందర్భానికే.

మరి ఏ సందర్భమో ఎలా పోల్చుకోవాలి? జవాబు మన తెలుగులోనే ఉంది. 'కిలోకు 30 రొయ్యలు', 'గంటకు 60 కిలోమీటర్లు', 'కిలోకు 280 రూపాయలు', 'మనిషికి 14 ఏళ్లు'. ప్రతి రేటులోనూ ఒక మాటకు 'కు' గానీ 'కి' గానీ తగిలి ఉంటుంది. అది తగిలిన వస్తువు రెండు పక్కలా సమానంగా ఉంటే రేట్లను నేరుగా కలిపి సగం చేయొచ్చు. సమానంగా లేకపోతే చేయకూడదు. కిలోకు 30, కిలోకు 60: కిలోలు సమానమైతే 45. సమానమైనవి రొయ్యలైతే 45 కాదు. గంటకు 60, గంటకు 40: గంటలు సమానమైతే 50. సమానమైంది దూరమైతే 50 కాదు, అప్పుడు ఆ షార్ట్‌కట్ అక్కరకొస్తుంది. కిలోకు 280, కిలోకు 180: కిలోలు 140, 60 కాబట్టి 230 కాదు. కిలోలూ సమానం కాక, రూపాయలూ సమానం కాకపోతే ఏ షార్ట్‌కట్టూ లేదు, మొత్తాలు వేసుకోవాల్సిందే.

ఇంగ్లీషు ప్రశ్నలో 'పర్' అనే మాట ఇదే పని చేస్తుంది, కానీ అది కళ్లకు అలవాటైపోయి కనబడదు. ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా రేటును మనసులో తెలుగులో అనుకోమంటాను. ఈ ఒక్క అలవాటుతో నా దగ్గర తప్పులు బాగా తగ్గాయి. దీన్ని ఎవరైనా పుస్తకంలో రాశారో లేదో గానీ, నేనైతే రొయ్యల దగ్గరే నేర్చుకున్నాను.

వేగంలో ఇంకొక్క లెక్క చెప్పకుండా ఉండలేను. ఒంగోలు నుంచి నెల్లూరుకు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ గంటకు 30 చొప్పున వెళ్లాం. రానూపోనూ సగటు 60 ఉండాలంటే తిరిగొచ్చేటప్పుడు ఎంత వేగంతో రావాలి? తరగతి మొత్తం ఒకే గొంతుతో "తొంభై సార్" అంటుంది. 240 కిలోమీటర్లు గంటకు 60 చొప్పున తిరగడానికి పట్టేది 4 గంటలు. 120 కిలోమీటర్లు గంటకు 30 చొప్పున వెళ్లడానికే ఆ 4 గంటలూ అయిపోయాయి. ఇక నెల్లూరు నుంచి కళ్లు మూసి తెరిచేలోపు ఒంగోలులో ఉండాలి. కుదరదన్నదే జవాబు.

అమెరికా పరీక్షల విషయంలో రెండు సంగతులు వేరు. శాట్‌లో సగటుతో పాటు మధ్యగతాన్ని కూడా అడుగుతారు. ఐదుగురు రైతులకు 2, 3, 3, 4, 5 ఎకరాలున్నాయి. సగటు 3.4, నడుమ ఉన్నది 3. ఐదెకరాల ఆసామి ఇంకో యాభై కొని 55 ఎకరాలవాడయ్యాడు. సగటు ఒక్కసారిగా 13.4కు ఎగిరింది. మధ్యగతం అదే 3 దగ్గరుంది. ఊళ్లో సగటున మనిషికి దాదాపు పదమూడున్నర ఎకరాలని రాసుకుంటే నలుగురికీ నవ్వొస్తుంది, కానీ లెక్క తప్పు కాదు. ఒక పెద్ద సంఖ్యను చేర్చినా, తీసేసినా ఏది ఎక్కువ కదులుతుందని అడిగితే మామూలుగా సగటే.

జీఆర్‌ఈ సంగతి చివర్లో చెబుతాను. ముందు టైమ్ గురించి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో గంటకు వంద ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 36 సెకన్లు. పిల్లలు ఈ 36ను చూసి టెన్షన్ పడతారు, సగటు లెక్క 36 సెకన్లలో ఎలా అవుతుందని. ఆ 36 కూడా సగటే కదా, దాన్నే మొత్తంగా మార్చండి. చేతిలో 3,600 సెకన్లున్నాయి. జనరల్ నాలెడ్జ్ బిట్లు 25 ఉంటాయి. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, ఒక్కోటి 12 సెకన్లలో తేల్చేస్తే 300 సెకన్లు. మిగిలిన 75 ప్రశ్నలకు 3,300, అంటే తలా 44. రీజనింగ్‌లో, ఇంగ్లీషులో ఇంకొంత మిగిల్చుకుంటే లెక్కలకు నిమిషం దాకా దొరుకుతుంది. తప్పు జవాబుకు అర మార్కు కోత ఉంది కాబట్టి, ఆ దొరికిన సెకన్లలో కొన్ని 'కు' ఎక్కడుందో చూసుకోవడానికి వాడితే నష్టమేమీ లేదు.

జీఆర్‌ఈలో పోలిక ప్రశ్నలని ఒక రకం ఉంటాయి. ఒక పక్క ఒక రాశి, ఇంకో పక్క ఇంకో రాశి ఇస్తారు. ఏది పెద్దదో చెప్పాలి. నాలుగే ఆప్షన్లు, ఎప్పుడూ అవే: మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం. ఒక సెక్షన్ సగటు 70, ఇంకో సెక్షన్ సగటు 80, రెండూ కలిపిన సగటు ఒక పక్క, 75 ఇంకో పక్క ఇస్తారు. మనవాళ్లు కలిపి సగం చేసి 75 తెచ్చుకుని, సమానం అని పెట్టేస్తారు. ఏ సెక్షన్లో ఎంతమంది ఉన్నారో ప్రశ్నలో లేనే లేదు. కావడి బద్ద తెలుసు, రెండు చివర్లూ తెలుసు, ఏ పక్క ఎంత బరువుందో తెలియదు. భుజం ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పగలరు? సరైన జవాబు నాలుగోది. చొక్కా కొక్కేనికి తగిలిస్తూ మా నాన్న తమ్ముడికి చెప్పింది కూడా ఆ నాలుగోదే.